పెల్లెట్లు ఏరడం: పాత త్రాసు, గాజు పలక, భూతద్దం
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకి) పోటీలో వాడే చిన్న సీసపు గుళ్ళు, అంటే పెల్లెట్ల గురించే. ఖరీదైన యంత్రాలు లేకుండా, ఇంట్లో ఉన్న పాత చేతి పనిముట్లతో పెల్లెట్లను ఎంత బాగా ఏరవచ్చు అన్నదే అందరి ప్రశ్న. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర రెండు పళ్ళాల పాత త్రాసు ఉంది. డబ్బాలోని 500 పెల్లెట్లనీ ఒక్కొక్కటిగా తూచి, ఒకే బరువున్నవి ఒక చోట చేర్చాలనుకుంటున్నాను. ఎంత తేడా వరకు ఒకే గుంపులో ఉంచవచ్చు? దీనివల్ల స్కోరు పెరుగుతుందా?

జవాబు: తూకానికి కూర్చునే ముందు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. మ్యాచ్ (పోటీ) పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, అంటే 530 మిల్లీగ్రాములు. బ్యారెల్ నుంచి వెలువడే వేగం సెకనుకు 175 మీటర్లు అనుకుంటే, 10 మీటర్లు వెళ్ళేసరికి పెల్లెట్ దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. సైట్లు (గురి చూసే భాగాలు) ఆ జారుడును లెక్కలోకి తీసుకునే అమరి ఉంటాయి కాబట్టి మనకు కావలసింది ఆ 17లో వచ్చే తేడా మాత్రమే.

పెల్లెట్‌కు అందే శక్తి మారదనుకుంటే, బరువు 1 శాతం పెరిగితే వేగం అర శాతం తగ్గుతుంది, జారుడు 1 శాతం పెరుగుతుంది. 5 మిల్లీగ్రాముల తేడాకు టార్గెట్ మీద వచ్చే తేడా సుమారు 0.16 మిల్లీమీటర్లు. దశాంశ స్కోరులో (10.4, 10.5 లాంటి అంకెల్లో) ఒక్క మెట్టు 0.25 మిల్లీమీటర్లు. అంటే 5 మిల్లీగ్రాముల తేడా వల్ల వచ్చే జరుగుడు ఆ ఒక్క మెట్టు కంటే కూడా తక్కువ. మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాముల గుంపులు చేయడం ఓపికకు పరీక్షే తప్ప ప్రయోజనం లేదు.

అలాగని త్రాసు పక్కన పెట్టేయకండి. దాని పని వేరు. అచ్చులో సరిగ్గా ఒత్తుకోని పెల్లెట్, లోపల గాలి బుడగ ఉన్న పెల్లెట్, వేరే రకం నుంచి పొరపాటున కలిసిపోయిన పెల్లెట్: ఇవి 20, 30 మిల్లీగ్రాముల తేడాతో దొరికిపోతాయి. 30 మిల్లీగ్రాములు తేలికైన పెల్లెట్ 1 మిల్లీమీటరు పైకి తగులుతుంది, అది నాలుగు దశాంశాలు. సగటుకు అటూ ఇటూ 5 మిల్లీగ్రాముల లోపు ఉన్నవన్నీ ఒకే గుంపు, మిగతావి సాధనకు. ఇంతకంటే సన్నగా వడకట్టనక్కరలేదు. ఆ మిగిలిన గంటను పెల్లెట్ వెనక అంచును చూడడానికి వాడండి, అక్కడ లాభం చాలా ఎక్కువ.

ప్రశ్న: త్రాసు ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండిపోయింది. ఒకే పెల్లెట్‌ను రెండుసార్లు తూస్తే రెండు రకాలుగా చూపిస్తోంది. బాగు చేయవచ్చా?

జవాబు: సాధారణంగా నాలుగు కారణాల్లో ఒకటి ఉంటుంది: దండె ఆనుకునే కత్తి అంచు మీద దుమ్ము, బల్ల వాలు, గాలి, లేదా అరిగిన అంచు. మొదటి మూడూ ఇంట్లోనే పోతాయి.

దండెను జాగ్రత్తగా పైకి లేపి, కత్తి అంచునూ అది కూర్చునే పలకనూ మెత్తని పొడి బ్రష్షుతో తుడవండి. నూనె చుక్క కూడా వేయకండి. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ముల్లు ఒక్కోసారి ఒక్కో చోట ఆగడానికి అదే కారణం. భూతద్దంతో చూస్తే అంచు మీద మెరిసే చదునైన గీత కనిపిస్తే అది అరిగినట్టే. దాన్ని మీరు ఆకురాయితో రాయకండి, త్రాసు పూర్తిగా పాడవుతుంది.

బల్ల కదలకూడదు. నీటి బుడగ మట్టంతో రెండు దిక్కులా సరిచూసి, కాళ్ళ స్క్రూలతో సరిచేయండి. ఫ్యాను ఆపండి. అట్టపెట్టెకు ఒక వైపు కోసేసి త్రాసును అందులో ఉంచితే ఊపిరి గాలి కూడా తగలదు. వేళ్ళతో పెల్లెట్ పట్టుకుంటే చెమట, వేడి రెండూ తూకాన్ని కదిలిస్తాయి. కొస మెత్తగా ఉన్న ప్లాస్టిక్ చిమటా వాడండి. ఉక్కు చిమటా సీసం మీద గీతలు పెడుతుంది.

ఇక దండె రెండు చేతులూ సమానమేనా అన్న అనుమానం. ఒక వస్తువును ఎడమ పళ్ళెంలో తూచి, తర్వాత కుడి పళ్ళెంలో తూచండి. 530, 534 వస్తే అసలు బరువు 532. పెల్లెట్లు ఏరడానికి మాత్రం ఈ తేడా అసలు అడ్డం కాదు, ఎందుకంటే ప్రతి పెల్లెట్‌నూ అదే పళ్ళెంలో పెడతాం. ఎడమ పళ్ళెంలో ఒక స్థిరమైన బరువు ఉంచండి, కుడి పళ్ళెంలో పెల్లెట్లు మారుస్తూ పోండి. మనకు కావలసింది అసలు బరువు కాదు, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య తేడా.

ప్రశ్న: నా దగ్గర మిల్లీగ్రాము తూనికరాళ్ళు లేవు. ముల్లు ఎన్ని గీతలు జరిగితే 5 మిల్లీగ్రాములో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: సన్నని రాగి తీగ చాలు. 1 మీటరు తీగను సరిగ్గా కొలిచి కత్తిరించి, నమ్మకమైన ఎలక్ట్రానిక్ త్రాసు మీద ఒక్కసారి తూపించండి. 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న తీగ అయితే సుమారు 280 మిల్లీగ్రాములు ఉంటుంది. పైన ఎనామిల్ పూత ఉంటే బరువు మారుతుంది, కాబట్టి లెక్క కట్టి వదిలేయకుండా తూచిన అంకెనే వాడండి. 280 వచ్చిందంటే 5 మిల్లీగ్రాములకు 18 మిల్లీమీటర్ల తీగ. అలాంటివి నాలుగు కత్తిరించి, చిన్న కొక్కెంలా వంచి పెట్టుకోండి.

ఇప్పుడు 100 పెల్లెట్లు కలిపి తూచి సగటు తీయండి. ఆ సగటుకు దగ్గరగా ఉన్న ఒక పెల్లెట్‌ను ఎడమ పళ్ళెంలో పెట్టి, రంగు చుక్కతో గుర్తు వేసి ఎప్పటికీ అక్కడే ఉంచండి. కుడి పళ్ళెంలో అంత బరువే ఉన్న ఇంకొకటి పెట్టి ముల్లు ఆగిన చోటు రాసుకోండి. దాని పక్కన ఒక తీగ ముక్క చేర్చండి. ముల్లు ఎన్ని గీతలు జరిగిందో అదే మీ 5 మిల్లీగ్రాములు. ఒక్క గీత కూడా జరగకపోతే ఆ త్రాసు ఈ పనికి రాదు.

ముల్లు పూర్తిగా ఆగేదాకా ఎదురు చూడక్కరలేదు. అది ఊగుతుండగానే వరుసగా మూడు మలుపులు చదవండి. గీతలను ఎడమ చివర నుంచి లెక్కిస్తే కుడివైపు మలుపు 12, ఎడమవైపు మలుపు 5, మళ్ళీ కుడివైపు మలుపు 10 అనుకోండి. కుడి రెండింటి సగటు 11. 11కూ 5కూ సగటు 8. ముల్లు చివరికి ఆగేది 8 దగ్గరే. కాస్త అలవాటయితే గంటలో 150 పెల్లెట్లు పూర్తవుతాయి.

ప్రశ్న: తూటాలు రీలోడ్ చేసేవాళ్ళు (ఖాళీ తూటాల్లో మళ్ళీ మందు నింపేవాళ్ళు) వాడే పాత బీమ్ స్కేల్ (గీతల దండె ఉన్న త్రాసు) దొరికింది. అది పెల్లెట్లకు పనికొస్తుందా?

జవాబు: వస్తుంది. ఆ స్కేళ్ళ మీద గుర్తులు గ్రెయిన్లలో ఉంటాయి. 1 గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, మీ పెల్లెట్ సుమారు 8.2 గ్రెయిన్లు. చిన్న గీత 0.1 గ్రెయిన్, అంటే 6.5 మిల్లీగ్రాములు. మనం పెట్టుకున్న 5 మిల్లీగ్రాముల హద్దుకు ఇది కాస్త మొరటుగా ఉన్నా, దోషం ఉన్న పెల్లెట్లను పట్టుకోవడానికి సరిపోతుంది. దాని ముల్లు దగ్గర కళ్ళను ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంచండి. పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూస్తే సగం గీత తేడా చదువుతారు.

ప్రశ్న: డబ్బా మీద పెల్లెట్ తల వ్యాసం 4.50 మిల్లీమీటర్లు అని ఉంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే ఒకటి 4.47, ఒకటి 4.50, ఒకటి 4.52 వస్తోంది. డబ్బా తప్పా, మైక్రోమీటరు తప్పా?

జవాబు: చాలాసార్లు రెండూ కాదు, చేతి ఒత్తిడి. పెల్లెట్ మెత్తని సీసం. మైక్రోమీటర్ చివర తిప్పే పిడి (రాట్చెట్) టిక్కుమనేదాకా తిప్పితే తల చదునవుతుంది. పెల్లెట్‌ను తాకీ తాకనట్టు మూసి, దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పినప్పుడు అతి కొద్దిగా పట్టుకున్నట్టు అనిపించిన చోట ఆపండి. ముందుగా మైక్రోమీటర్‌ను ఖాళీగా మూసి సున్నా చూడండి. పాత మైక్రోమీటర్లలో సున్నా 0.01, 0.02 పక్కకు జరిగి ఉండడం మామూలే. ఆ అంకెను ప్రతి కొలత నుంచి తీసేయండి.

ఒకే పెల్లెట్‌ను ఐదుసార్లు కొలిచి చూడండి. ఐదింటిలోనే 0.02 తేడా వస్తుంటే, వేర్వేరు పెల్లెట్ల మధ్య 0.01 తేడాను ఆ చేతితో, ఆ పనిముట్టుతో చెప్పలేరు. అప్పుడు కింద చెప్పిన గాజు పలక పద్ధతే మేలు.

4.48, 4.49, 4.50, 4.51 అన్న డబ్బా అంకెల్లో ఏది పెద్దదైతే అది మంచిదని కాదు. మీ బ్యారెల్ దేన్ని ఇష్టపడుతుందో కాగితం మీది రంధ్రాలే చెబుతాయి.

ప్రశ్న: పెల్లెట్లను గాజు మీద దొర్లించి ఏరుతారని విన్నాను. ఎందుకు పని చేస్తుంది, ఎలా చేయాలి?

జవాబు: మాకు తెలిసిన చేతి పద్ధతుల్లో అన్నింటికంటే చవకైనదీ, చురుకైనదీ ఇదే. పెల్లెట్ తల చిన్నది, వెనక అంచు కొద్దిగా పెద్దది. అందువల్ల అది శంకువులా దొర్లుతుంది, నేరుగా పోకుండా తల వైపు వంపు తిరుగుతుంది. వంపు ఎంత అన్నది ఆ రెండు వ్యాసాల తేడా నిర్ణయిస్తుంది.

ఉదాహరణకు తల 4.50, వెనక అంచు 4.60, ఆ రెండు అంచుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు అనుకోండి. వంపు వ్యాసార్థం 4ను 4.60తో హెచ్చించి 0.10తో భాగిస్తే వస్తుంది: 184 మిల్లీమీటర్లు. అలాంటి పెల్లెట్ 10 సెంటీమీటర్లు కిందికి దొర్లేలోపు పక్కకు సుమారు 30 మిల్లీమీటర్లు జరుగుతుంది. తల 4.49 అయితే 33 మిల్లీమీటర్లు. అంటే మైక్రోమీటర్‌కు అందని 0.01 తేడా గాజు మీద 3, 4 మిల్లీమీటర్లుగా కంటికి కనిపిస్తుంది. వెనక అంచు 4.65కి విచ్చుకుని ఉంటే పక్కకు 50 దాటుతుంది.

గీత లేని మందపాటి గాజు పలక తీసుకోండి, 30 సెంటీమీటర్లు ఉంటే బాగు. కింద గ్రాఫు కాగితం పరచండి. ఒక చివర కింద 1 సెంటీమీటరు ఎత్తు పెట్టండి. పైన ఒక స్కేలును అడ్డంగా పట్టుకుని, దాని వెనక పెల్లెట్‌ను పడుకోబెట్టి, తల ఎప్పుడూ ఒకే వైపు ఉండేలా చూసి, స్కేలును నిటారుగా పైకెత్తండి. నెట్టకండి. వేలితో నెట్టినదానికీ, తానుగా దొర్లినదానికీ పోలిక ఉండదు. 10 సెంటీమీటర్ల గీత దాటిన చోట ఎంత పక్కకు పోయిందో చదివి, ఆ అంకె ప్రకారం మూడు గిన్నెల్లో వేయండి: మధ్యవి, తక్కువ వంగినవి, ఎక్కువ వంగినవి.

గాజు మీద సీసం పొడి పేరుకుంటే దారి మారుతుంది, 50 పెల్లెట్లకొకసారి తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దొర్లుతూ తూలుతున్నట్టు, చప్పుడుతో గెంతుతున్నట్టు పోయే పెల్లెట్ అంచు నొక్కుకుపోయినది. దాన్ని ఏ గిన్నెలోనూ వేయకండి.

ప్రశ్న: అంచు కొద్దిగా నొక్కుకుపోయిన పెల్లెట్లను సరిచేసి వాడవచ్చా?

జవాబు: సాధనకు వాడవచ్చు, మ్యాచ్‌కు వద్దు. నున్నటి శంకువు ఆకారపు కొస ఉన్న సీటింగ్ పనిముట్టును (పెల్లెట్‌ను బ్యారెల్‌లో కూర్చోబెట్టేది) పెల్లెట్ వెనక బోలులో పెట్టి, మెల్లగా తిప్పుతూ నొక్కితే అంచు గుండ్రమవుతుంది. కానీ ఒకసారి వంగి, మళ్ళీ విచ్చుకున్న సీసం అన్ని వైపులా ఒకే మందంలో ఉండదు. గాలి ఒత్తిడి ఆ అంచు మీద పడుతుంది. ఒక పక్క ముందుగా గాలి జారితే పెల్లెట్ బ్యారెల్ మూతి దగ్గరే వంకరగా బయలుదేరుతుంది. బరువు తేడా కంటే ఇది ఎన్నో రెట్లు చేటు.

అసలు నొక్కుకుపోకుండా చూడడమే తేలిక. డబ్బాను కుదిపి, అరచేతిలోకి ఒంపి, మళ్ళీ పోయడం మానేయండి. డబ్బా మూత కింద స్పాంజి ముక్క ఉంచండి. ఏరిన వాటిని తల కిందికి ఉండేలా చిన్న గదుల పెట్టెలో నిలబెట్టండి. పెల్లెట్‌ను రైఫిల్‌లో పెట్టేటప్పుడు భూతద్దం అవసరం లేదు, వెలుతురుకు ఎదురుగా అంచును ఒక్కసారి తిప్పి చూడడం చాలు.

ప్రశ్న: ఏ డబ్బా మంచిదో తేల్చుకోవడానికి 5 షాట్లు కొడుతున్నాను. ఒక్కోరోజు ఒక్కో డబ్బా గెలుస్తోంది.

జవాబు: 5 షాట్లు చాలవు. ఒక రకం నుంచి 10 షాట్ల గ్రూపులు (ఒకే గురికి కొట్టిన రంధ్రాల గుంపులు) ఐదు కొట్టి, ఐదింటి సగటు తీయండి. అందులో ఒక గ్రూపు అద్భుతంగా వచ్చిందని దాన్ని చూపించి డబ్బా కొనడం పొరపాటు. బ్యారెల్‌ను కొత్త రకానికి అలవాటు చేయడానికి ముందు 15, 20 షాట్లు లెక్కలోకి తీసుకోకుండా వదలండి.

గ్రూపు కొలిచేటప్పుడు, దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం నుంచి ఒక్క రంధ్రం వ్యాసం తీసేయాలి. ఇక్కడ చాలామంది 4.5 తీసేస్తారు. కాగితం కొద్దిగా వెనక్కి ముడుచుకోవడం వల్ల రంధ్రం పెల్లెట్ కంటే చిన్నగా కనిపిస్తుంది, కాబట్టి ఒంటరిగా ఉన్న ఒక రంధ్రాన్ని కొలిచి ఆ అంకెనే తీసేయండి. కాగితం వెనక దళసరి అట్ట బిగించి పెడితే రంధ్రం చినగకుండా తెగుతుంది.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది గీత వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. 4.5 పెల్లెట్ దాన్ని తాకితే చాలు కాబట్టి, పెల్లెట్ మధ్య బిందువు టార్గెట్ మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే 10.0. ఆ పైన ప్రతి 0.25 దగ్గరికి ఒక దశాంశం. గ్రూపు 5 మిల్లీమీటర్లు దాటితే, ఎంత బాగా గురిపెట్టినా అప్పుడప్పుడు 9 పడుతుంది. ముందే గాలి నింపుకునే మ్యాచ్ రైఫిల్‌ను వైస్‌లో బిగించి పరీక్షించవచ్చు, బిగింపు బ్యారెల్ మీద కాకుండా రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే తుపాకి ప్రధాన భాగం) మీద పడేలా చూడండి. స్ప్రింగు రైఫిల్‌ను మాత్రం వైస్‌లో పెట్టకండి. లోపల పిస్టన్ కదిలేటప్పుడు తుపాకి మొత్తం వెనక్కీ ముందుకూ జరుగుతుంది. బిగిస్తే ఆ కదలిక మారిపోయి, మీ చేతిలో ఎప్పటికీ రాని గ్రూపు వస్తుంది. మెత్తని సంచి మీద వదులుగా ఆనించి కొట్టండి.

ప్రశ్న: పెల్లెట్లను కడిగి నూనె రాయమంటారా?

జవాబు: నల్లటి పొడి బాగా ఉన్న డబ్బా అయితే కడగవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి జల్లెడలో మెల్లగా ఆడించండి, రెండుసార్లు మంచి నీళ్ళతో కడిగి గుడ్డ మీద పరచి పూర్తిగా ఆరనివ్వండి. కడిగాక ఉత్త సీసం గాలికి త్వరగా మసకబారుతుంది. కాబట్టి 500 పెల్లెట్లకు రెండు మూడు చుక్కల పలుచని నూనె గుడ్డకు పట్టించి, ఆ గుడ్డలో వాటిని మెల్లగా దొర్లించాలి. చేతికి జిడ్డు తగిలితే ఎక్కువైనట్టే.

స్ప్రింగు రైఫిల్ వాడేవాళ్ళు నూనె జోలికి అసలు వెళ్ళకండి. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కినప్పుడు వచ్చే వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది. పొగ, కమురు వాసన, గట్టి చప్పుడు వస్తే అదే జరిగినట్టు. వేగం ఒక్కో షాట్‌కు ఒక్కోలా మారుతుంది, పిస్టన్ సీలు కాలిపోతుంది.

డబ్బాలో దుమ్ము లేకపోతే కడగకుండా అలాగే వాడడం మంచిది. నూనె ఒక షాట్‌కు ఎక్కువ, ఒక షాట్‌కు తక్కువ పడితే, త్రాసుతో ఏరిన శ్రమంతా దండగ.

ప్రశ్న: పాత అచ్చు ఒకటి ఉంది. పెల్లెట్లను ఇంట్లోనే పోసుకోవచ్చా?

జవాబు: మ్యాచ్ కోసం వద్దు. సీసం చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది, అచ్చు రెండు ముక్కల అతుకు దగ్గర గీత మిగులుతుంది. గుండ్రదనం కోసమే ఇన్ని తంటాలు పడుతున్న చోట అది పనికిరాదు. కరిగిన సీసం మీద లేచే పొడి, పొగ ఇంట్లో ఉండకూడనివి కూడా.

ప్రశ్న: పాత డబ్బా తెరిస్తే పెల్లెట్ల మీద తెల్లని బూజులాంటి పొర ఉంది. కడిగి వాడవచ్చా?

జవాబు: వాడకండి. అది బూజు కాదు, తేమకు సీసం తుప్పు పట్టిన పొడి. ముట్టుకుంటే రాలుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. పెల్లెట్ కొలత కూడా మారిపోయి ఉంటుంది. డబ్బా మూత వేసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

మంచి పెల్లెట్లతో పని చేసేటప్పుడు కూడా ఇవే జాగ్రత్తలు. అన్నం తినే బల్ల మీద ఏరకండి. పని జరుగుతుండగా ఏమీ తినకండి. అయ్యాక సబ్బుతో, చల్లని నీళ్ళతో చేతులు కడుక్కోండి. నేల మీద పడిన పొడిని చీపురుతో ఊడిస్తే గాలిలోకి లేస్తుంది, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను విడిగా పారేయండి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఏరిన గిన్నెలను బల్ల మీద వదిలిపెట్టకుండా ప్రతిసారీ తాళం ఉన్న పెట్టెలో పెట్టండి.